అంబాజీపేట ప్రెస్సులో విండోస్ 7 నుంచి 11కి: ఫైళ్లు ఒక్క రాత్రిలో వెళ్లాయి, మిగతాదానికి ఐదు రోజులు పట్టింది

అమలాపురంలో నాది చిన్న కంప్యూటర్ సర్వీసు షాపు. మొన్న 2025 డిసెంబర్‌లో చేసిన ఒక జాబ్ గురించి రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటివి ఈ మధ్య వారానికి రెండు వస్తున్నాయి, అందరూ ఒకటే అంటారు, "డేటా మొత్తం కొత్త దాంట్లో వేసెయ్యండి చాలు" అని. ఆ డేటా అనే మాటలో ఏమేం ఉంటాయో అడిగేవాళ్లకీ తెలీదు, చేసే మనకీ సగమే తెలుసు, అదే ఇక్కడ గొడవ.

అంబాజీపేటలో కాలవ గట్టున ఒక ప్రింటింగ్ ప్రెస్సు. కొబ్బరి వ్యాపారుల బిల్లు బుక్కులు, కాటా చీటీలు, శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, తీర్థాలకి పాంప్లెట్లు, ఇదీ వాళ్ల పని. ఓనర్ గారిని నేను బాబాయ్ అంటా. టైపింగు, డిజైను అంతా ఒకే ఒక్క ఆపరేటర్ అక్క, ఇరవై ఏళ్ల నుంచి ఆవిడే. కంప్యూటర్ 2012లో కొన్నది, రెండో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 7, అదీ 32 బిట్.

బాబాయ్ ఫోన్ చేసింది కంప్యూటర్ పాతబడిందని కాదు. జీఎస్టీ సైటు తేడాగా వస్తోందని, డిస్క్ "కిటకిట" అంటోందని. సైటు సంగతి వెంటనే అర్థమైంది, విండోస్ 7 మీద క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, ఆ తర్వాత వెర్షన్లు ఎక్కవు. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2020 జనవరి 14నే అయిపోయింది. "పోనీ టెన్ వేసెయ్ అబ్బాయ్" అన్నారు. టెన్‌కి కూడా 2025 అక్టోబర్ 14తో అయిపోయింది బాబాయ్ అంటే నమ్మలేదు, నేనేదో కొత్త సిస్టమ్ అమ్ముకోడానికి చెప్తున్నా అనుకున్నారు. ఎలెవెన్ ఆ పాత మెషిన్‌లో అఫీషియల్‌గా ఎక్కదు, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే కనీసం ఎనిమిదో తరం కావాలి, పైగా ఎలెవెన్‌లో 32 బిట్ అనేదే లేదు. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులున్నాయి గానీ రోజూ డబ్బులు వచ్చే మెషిన్ మీద నేనలాంటివి చెయ్యను. ఆఖరికి వాళ్లబ్బాయి హైదరాబాద్ నుంచి ఫోన్‌లో చెప్తే ఒప్పుకున్నారు.

కొత్తది 12వ తరం ఐ3, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన కొత్త రకం డిస్క్), డేటాకి విడిగా 1 టీబీ హార్డ్ డిస్క్. టైము ధనుర్మాసం పెట్టాం. పెళ్లి ముహూర్తాలుండవు కాబట్టి శుభలేఖల పని ఉండదు, అయితే కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉంది, చుట్టుపక్కల ఊళ్ల కమిటీల పాంప్లెట్లు జనవరి మొదటి వారానికల్లా మొదలైపోతాయి, అంటే నాకున్నది రెండు వారాలు.

ముందు డిస్క్ సంగతి

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పెట్టి చూస్తే పసుపు రంగు, అంటే జాగ్రత్త అని. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు, అదే పెండింగ్ సెక్టార్లు, 41. ఇలాంటి డిస్క్ కనపడగానే చాలామంది చేసే మొదటి పని చెక్ డిస్క్ కొట్టడం, అది నిజానికి ఆఖరి పని కూడా కాదు, అసలు చెయ్యకూడదు, ఎందుకంటే చెక్ డిస్క్ ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తుంది గానీ మీ ఫైళ్లని కాపాడదు, చావబోయే డిస్క్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తించి ఇంకా నీరసపెడుతుంది. నేను లైనక్స్ పెన్ డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో వేరే డిస్క్ మీదకి క్లోన్, అంటే డిస్క్ మొత్తానికీ నకలు, మొదలుపెట్టా. మొదటి రౌండులో మొండికేసిన చోట్లని వదిలేసి తేలిగ్గా వచ్చేదంతా లాగేస్తుంది, తర్వాత రౌండులో ఆ వదిలేసిన వాటి దగ్గరికి మళ్లీ వెళ్తుంది. మ్యాప్ ఫైల్ అని ఒకటి రాసుకుంటుంది, ఎక్కడిదాకా వచ్చామో దాంట్లో ఉంటుంది.

ఆ మ్యాప్ ఫైల్ విలువ రాత్రి పదింటికి తెలిసింది. కరెంటు పోయింది. మా వైపు కొబ్బరి మట్ట లైను మీద పడిందంటే గంటా గంటన్నర మామూలే, షాపులో యూపీఎస్ పదిహేను నిమిషాలు లాగి కూర్చుంది. మామూలు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్ అయితే మళ్లీ ఒకటి నుంచి మొదలు, ఇక్కడ కరెంటొచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటి నుంచి అందుకుంది. మ్యాప్ ఫైల్ పెన్ డ్రైవ్ మీద పెట్టాలి సుమా, లైవ్ లైనక్స్ మెమరీలో పెడితే కరెంటుతో పాటే పోతుంది, అది నేను ఒకప్పుడు వేరే జాబ్‌లో నేర్చుకున్న పాఠం.

తెల్లారేసరికి మొత్తం మీద 96 కేబీ తప్ప అంతా వచ్చింది. ఆ 96 కేబీ ఏ ఫైల్లో పడిందో తెలీకపోతే నిద్ర పట్టదు కదా, అందుకే డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్‌తో క్లోన్‌లో ఆ ఖాళీల్లో ఒక గుర్తు మాట నింపి, ఆ మాట ఏ ఫైల్లో దొరుకుతుందో వెతికా. ఎవరో ఎప్పుడో కాపీ చేసిన పాత సినిమా ఫైల్లో దొరికింది. బాబాయ్‌కి చెప్తే "అది మా అల్లుడు వేశాడులే, పోనీ" అన్నారు.

జబ్బు డిస్క్ తీసి పక్కన పెట్టేశా, క్లోన్ డిస్క్‌ని పాత కంప్యూటర్లోనే బిగించా, అది ఏమీ జరగనట్టు బూటయ్యింది. దీంతో రెండు పనులయ్యాయి. ఒకటి, అక్క పని ఆగలేదు. రెండోది, మక్కీకి మక్కీ పాత కంప్యూటర్ బతికే ఉంది, ఏదైనా మర్చిపోతే వెనక్కెళ్లి చూసుకోవచ్చు. ఇది లేకపోతే ఈ కథ ఇంకోలా ఉండేది, ఎందుకో కిందొస్తుంది.

అక్క పక్కన కుర్చీ

ఒకప్పుడు విండోస్ ఈజీ ట్రాన్స్‌ఫర్ అని విస్టాలో, సెవెన్‌లో ఉండేది, ఫైళ్లూ సెట్టింగ్సూ కలిపి ఒకే మూట కట్టి కొత్త దాంట్లో విప్పేది, టెన్ వచ్చేసరికి దాన్ని తీసేశారు. పెద్ద కంపెనీల వాళ్లకి యూఎస్ఎంటీ అని ఉంది, స్కాన్‌స్టేట్ లోడ్‌స్టేట్ కమాండ్లతో వందల మెషిన్లు మార్చుకోడానికి, ఒక్క ప్రెస్సు కంప్యూటర్‌కి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. సెవెన్ నుంచి ఎలెవెన్‌కి ఫైళ్లు ఉంచుకుని నేరుగా అప్‌గ్రేడ్ కొట్టడం లేదు, 32 నుంచి 64 బిట్‌కి అయితే అసలే లేదు. కాబట్టి చేత్తోనే.

చేత్తో అన్నప్పుడు ఏం మోయాలో తెలియాలి. అందుకని ఒక పూటంతా అక్క పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నా, ఏమీ ముట్టుకోకుండా. ఆవిడకి మొదట చిరాకేసింది, "ఏంటి తమ్ముడూ, నా పని చెక్ చేస్తున్నావా" అంది. కాదక్కా, నీ చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్తోందో రాసుకుంటున్నా అన్నా.

రాసుకున్నవి చూడండి. పేజ్‌మేకర్‌లో (పేజీలు డిజైన్ చేసే పాత సాఫ్ట్‌వేర్) అను ఫాంట్లతో టైపింగు, కీబోర్డు ఆపిల్ లేఅవుట్, తెలుగు అక్షరాల అమరికల్లో అదొకటి. వర్డ్ 2007లో మూడక్షరాలు కొట్టి స్పేస్ నొక్కితే చాలు, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" మొత్తం అను ఫాంట్‌లో వచ్చి పడుతోంది. ఇంకో మూడు కొడితే బిల్లు బుక్కు అడుగున వేసే "సబ్జెక్ట్ టు అమలాపురం జ్యూరిస్‌డిక్షన్" లైను. ఫొటోషాప్‌లో ఒక ఎఫ్ కీ నొక్కితే పాస్‌పోర్ట్ ఫొటో ఎనిమిది కాపీలై షీటు మీద సర్దుకుంటోంది. ప్రింటర్‌లో "కవరు" అనే పేరుతో ఒక సొంత పేపర్ సైజు. ఇవేవీ డీ డ్రైవ్‌లో ఉండవు. ఇవన్నీ ఎవరో ఎప్పుడో ఒకసారి పెట్టుకుని మర్చిపోయినవి, ఆవిడ దృష్టిలో అవి సెట్టింగులు కూడా కాదు, కంప్యూటర్ అంటేనే అలా ఉంటుంది.

ఇంకోటి, ఆవిడ పాత ఫైళ్లు వెతికే పద్ధతి. ఒకాయన వచ్చి 2018లో మా పెద్దమ్మాయి కార్డులాగే చిన్నమ్మాయికీ కావాలన్నాడు. అక్క పేరు అడగలేదు, "ఏ మాసం?" అని అడిగింది. మాఘం అన్నాడు. ఫోల్డర్లని తారీఖు వరసలో పెట్టి, 2018 జనవరి ఫిబ్రవరి దగ్గరికెళ్లి, నాలుగు ఫోల్డర్లు తెరిచేసరికి దొరికింది. ఫోల్డర్ల పేర్లు "న్యూ ఫోల్డర్ 17", "అర్జెంట్", "అర్జెంట్ 2", ఇలా ఉన్నాయి మరి, పేరుతో వెతకడం బ్రహ్మ తరం కాదు.

ఇది చూడకపోయి ఉంటే నేను మామూలుగా కాపీ పేస్ట్ చేసేవాణ్ణి. అలా చేస్తే ఫైలు లోపలి మార్పు తారీఖు ఉంటుంది గానీ ఫోల్డర్ తారీఖు మొత్తం ఆ రోజుదైపోతుంది. పదమూడేళ్ల ఫోల్డర్లన్నీ 2025 డిసెంబర్ అని చూపిస్తే ఆవిడ పని అక్కడే ఆగిపోయేది, ఫైల్ ఒక్కటీ పోకుండానే.

కాపీ

అందుకే రోబోకాపీ అనే కాపీ కమాండ్. విండోస్‌లోనే ఉంటుంది, విడిగా ఏమీ వెయ్యక్కర్లేదు. డీకాపీ టీ అనే స్విచ్ ఇస్తే ఫోల్డర్ తారీఖులు కూడా అలాగే వస్తాయి. దారి మళ్లించే ఫోల్డర్లని వదిలెయ్యమనే ఎక్స్‌జే స్విచ్ తప్పనిసరి, ఎందుకంటే విండోస్ 7 యూజర్ ఫోల్డర్లో యాప్‌డేటా (ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే ఫోల్డర్) లోకల్ లోపల అప్లికేషన్ డేటా అని ఒక దొంగ ఫోల్డర్ ఉంటుంది, అది మళ్లీ తనలోకే దారి చూపిస్తుంది, ఎక్స్‌జే ఇవ్వకపోతే రోబోకాపీ దాంట్లోకి దిగి దాంట్లోంచి మళ్లీ దాంట్లోకి దిగుతూ ఉంటుంది. ఆర్ (ఎన్నిసార్లు ట్రై చెయ్యాలి), డబ్ల్యూ (ఎన్ని సెకన్లు ఆగాలి) కూడా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఒక ఫైలు రాకపోతే 30 సెకన్లు ఆగి మళ్లీ ట్రై చేస్తుంది, అలా ఎన్నిసార్లంటే పది లక్షల సార్లు. నేను ఒకటి, ఒకటి పెట్టా. లాగ్ ఫైల్ రాయించుకున్నా.

రెండు మెషిన్ల మధ్య లాన్ కేబుల్ వేసి షేరింగ్ పెడితే కొత్తది తెరవనంది. కొత్త విండోస్ ఎలెవెన్ పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేరింగ్‌ని ఒప్పుకోదు, పాత దాంట్లో పాస్‌వర్డుతో ఒక యూజర్‌ని చేస్తే తెరిచింది. రాత్రి పెట్టి పొద్దున్న చూస్తే అయిపోయింది, డీ డ్రైవ్ మొత్తం, సీలో యూజర్ ఫోల్డర్ మొత్తం. ఫైళ్ల వరకు అంతే, ఒక్క రాత్రి.

చిన్న చిక్కు ఒకటి, కొన్ని ఫైళ్లు కాపీ అయ్యాయి గానీ తెరుచుకోలేదు. న్యూ ఫోల్డర్‌లో న్యూ ఫోల్డర్ పెట్టుకుంటూ పోవడం వల్ల దారి 260 అక్షరాలు దాటింది, నేను కొత్త దాంట్లో పాత డేటా అని ఇంకో ఫోల్డర్ కింద వేసేసరికి ఇంకా పొడుగైంది. రోబోకాపీ పొడుగు దారులు తట్టుకుంటుంది, పాత సాఫ్ట్‌వేర్లు తట్టుకోవు. ఆ పై ఫోల్డర్ తీసేసి పాతలో ఉన్నట్టే నేరుగా డీ మొదట్లోనే పెట్టేశా.

డీ అన్నా కదా, అక్కడా ఒక తగులాటం. కొత్త మెషిన్‌లో డీవీడీ రైటర్ డీ అని కూర్చుంది, డేటా డిస్క్ "ఈ" డ్రైవ్ అయ్యింది. పేజ్‌మేకర్ ఫైల్లో బొమ్మలు లింకులుగా ఉంటాయి, ఆ లింకు డీతో మొదలవుతుంది, ఫైలు తెరిస్తే పెళ్లికొడుకు ఫొటో ఎక్కడుందో చెప్పు అని అడుగుతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డీవీడీకి జెడ్ ఇచ్చి డేటా డిస్క్‌కి డీ ఇస్తే రెండు నిమిషాల్లో పోయింది. పని మొదలెట్టకముందే చెయ్యాలి ఇది, తర్వాత మారిస్తే కొత్త ఫైళ్లు ఒక అక్షరంతో పాతవి ఒక అక్షరంతో చెరో దారీ అవుతాయి.

ఫాంట్లు: నా తప్పు నంబర్ ఒకటి

అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే ఫోన్లలో వాడే తెలుగు లాంటివి కావు. ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, ఫాంట్ ఉంటేనే తెలుగులా కనపడతాయి, లేకపోతే చిలకజోస్యం కార్డు మీద రాతలా ఉంటుంది. అందుకని సెటప్ సీడీలో ఉన్న ఫాంట్ల మీద ఆధారపడకుండా పాత కంప్యూటర్ విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉన్నవి ఉన్నట్టు తెచ్చా, ఇన్నేళ్లలో వాళ్లు వీళ్లు ఇచ్చినవి బోలెడు చేరి ఉంటాయి కదా. అన్నీ సెలెక్ట్ చేసి రైట్ క్లిక్, ఇన్‌స్టాల్. వర్డ్‌లో చూశా, వచ్చాయి. హాయిగా టీ తాగొచ్చా.

అక్క పేజ్‌మేకర్ తెరిచింది. పానోస్ ఫాంట్ మ్యాచింగ్ అని ఒక పెద్ద డబ్బా, ఈ ఫాంట్లేవీ లేవు, వీటి బదులు ఇవి వెయ్యనా అని. వర్డ్‌లో ఉన్న ఫాంటు పేజ్‌మేకర్‌లో లేకపోవడమేంటి? రెండు సార్లు రీస్టార్ట్ చేశా, ఫాంట్లు తీసి మళ్లీ వేశా, అదే వరస. గంటన్నర పోయింది. ఆఖరికి సీ డ్రైవ్ విండోస్ ఫాంట్స్‌లోకి కమాండ్ ప్రాంప్ట్‌తో వెళ్లి చూస్తే అక్కడ ఆ ఫైళ్లే లేవు!

సంగతేంటంటే విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి రైట్ క్లిక్ ఇన్‌స్టాల్ అంటే ఆ ఒక్క యూజర్‌కే వేస్తుంది, ఫైళ్లు యూజర్ యాప్‌డేటాలోకి వెళ్తాయి. కొత్త సాఫ్ట్‌వేర్లకి ఆ చోటు తెలుసు, 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7కి ఎలా తెలుస్తుంది? దాని పక్కనే "ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్" అని ఇంకోటి ఉంటుంది, అది కొట్టాలి. కొట్టా, వచ్చేశాయి. తెలిసినవాళ్లకి ఇది అర నిమిషం పని, డీటీపీ షాపుల వాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకున్నా చాలు.

దాని వెనకే ఇంకోటి. పేజ్‌మేకర్ మామూలుగా నడిపితే సేవ్ చేసేటప్పుడు మారాం చేస్తోందని రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ పెట్టా. అంతే, అను కీబోర్డు పేజ్‌మేకర్‌లో పనిచెయ్యడం మానేసింది, వర్డ్‌లో తెలుగు వస్తోంది, పేజ్‌మేకర్‌కి రాగానే ఇంగ్లీషు. కింది హోదాలో నడిచే ప్రోగ్రాం పై హోదాలో ఉన్నదాని కీబోర్డు నొక్కుళ్లలో వేలు పెట్టడానికి విండోస్ ఒప్పుకోదు. అను మేనేజర్‌ని (అను కీబోర్డు నడిపే ప్రోగ్రాం) కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే కుదిరింది. అయితే దీనివల్ల ఫోల్డర్లోంచి ఫొటోని ఈడ్చి పేజ్‌మేకర్‌లో వదలడం కుదరదు, అదీ అదే రూలు, అక్క ప్లేస్ కమాండ్‌తోనే తెస్తుంది కాబట్టి బతికిపోయా.

పాత విండోస్ 7నే వర్చువల్ మెషిన్‌గా, అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా, చేసి కొత్త దాని కడుపులో పెట్టెయ్యొచ్చు కదా అని మా షాపు కుర్రాడు అడిగాడు. పెట్టొచ్చు. కానీ ఆ లైసెన్స్ పాత మెషిన్‌తో వచ్చింది, వర్చువల్ మెషిన్‌లో యాక్టివేషన్ అడుగుతుంది, పైగా అక్కకి కిటికీలో కిటికీ, ఏ సేవ్ ఎక్కడికి పోయిందో తెలీదు. పేజ్‌మేకర్ అస్సలు లేవకపోతే అదే చేసేవాణ్ణి.

వర్డ్, ఫొటోషాప్, క్రోమ్, ట్యాలీ

వర్డ్ షార్ట్‌కట్లు రెండు చోట్ల ఉంటాయి, ఇది చాలామందికి తెలీదు. ఫాంట్ రంగు సైజులతో సహా దాచుకున్న ఆటోకరెక్ట్‌లు నార్మల్ డాట్ డాట్ఎం టెంప్లేట్‌లో, మామూలు అక్షరాలవి ఏసీఎల్ అనే ఫైల్లో, రెండూ యాప్‌డేటా రోమింగ్‌లోనే గానీ వేర్వేరు ఫోల్డర్లలో. టెంప్లేట్ వేస్తే శ్రీరస్తు వచ్చింది, జ్యూరిస్‌డిక్షన్ రాలేదు. ఏసీఎల్ వేసినా రాలేదు. ఆ లిస్టు భాషని బట్టి ఉంటుంది, పాత దాంట్లో భాష యూఎస్ ఇంగ్లీష్, ఫైలు పేరులో 1033 అని ఉంటుంది, కొత్త ఆఫీస్‌లో ఇండియా ఇంగ్లీష్, దానిది 16393. వర్డ్‌లో భాష యూఎస్‌కి మార్చగానే జ్యూరిస్‌డిక్షన్ పరిగెత్తుకుంటూ వచ్చింది.

ఫొటోషాప్ యాక్షన్‌ని పాత మెషిన్‌లోనే తెరిచి ఏటీఎన్ ఫైల్‌గా సేవ్ చేసి తెచ్చా, అదే సులువు. ప్రింటర్ కవరు సైజు మాత్రం ఫోన్‌లో ఫొటో తీసుకుని ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో చేత్తో కొట్టా, 32 బిట్ డ్రైవర్ల నుంచి 64కి ఎగుమతి దిగుమతి తంటాలు పడేకంటే నాలుగు అంకెలు కొట్టడం నయం.

క్రోమ్ ప్రొఫైల్ ఫోల్డర్ తెచ్చి వేస్తే బుక్‌మార్కులు వస్తాయి, పాస్‌వర్డులు రావు. వాటి తాళం పాత విండోస్ యూజర్‌కి ముడిపడి ఉంటుంది, తాళాలగుత్తి పాతింట్లో వదిలేసి బీరువా మాత్రం మోసుకొచ్చినట్టు. క్లోన్ బతికే ఉంది కాబట్టి పాత మెషిన్‌లో క్రోమ్ తెరిచి పాస్‌వర్డులు సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేసి కొత్త దాంట్లో ఇంపోర్ట్ చేశా. ఆ సీఎస్‌వీలో అన్నీ బట్టబయలుగా ఉంటాయి, పెన్ డ్రైవ్‌లోదీ, రెండు చోట్లదీ బాబాయ్ ఎదురుగానే చెరిపేశా, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశా. నా చేతిలో వాళ్ల పాస్‌వర్డులు ఉండకూడదు, ఉన్నాయన్న అనుమానం కూడా ఉండకూడదు.

లెక్కలు రాసే ట్యాలీకి డేటా ఫోల్డర్ కాపీ ఎంత సేపు, పదివేల నంబర్లతో ఉండే ఆ కంపెనీ ఫోల్డర్లు తెచ్చుకోవడమే. కాకపోతే పాత దాంట్లో లైసెన్స్ సరెండర్ చేశాకే కొత్త దాంట్లో యాక్టివేట్ చెయ్యాలి, రెండేళ్ల కిందట ఇంకో చోట సరెండర్ చెయ్యకుండా డిస్క్ ఫార్మాట్ కొట్టి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు. ఇక్కడ సరెండర్ ముందు బ్యాకప్ తీశా, కొత్త దాంట్లో నిరుటి మార్చి క్లోజింగ్ బ్యాలెన్స్ కాగితంతో సరిచూసుకోమన్నా బాబాయ్‌ని. పైసాతో సహా కలిసింది.

కొత్త మెషిన్ మొదటిసారి పెట్టేటప్పుడు వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజీ) డెస్క్‌టాప్‌నీ డాక్యుమెంట్స్‌నీ తన కిందకి లాక్కోడానికి చూస్తుంది, ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ, అక్క డెస్క్‌టాప్ ఒక్కటే 30 జీబీ పైన. ఆపేశా.

అందరూ బాగుందన్నాక

నాలుగో రోజు అక్క కొత్త దాని మీద కూర్చుంది. పాత కీబోర్డు మీద "ముట్టుకోవద్దు" అని పేపరు అంటించా, లేకపోతే అలవాటుగా ఒక కార్డు అక్కడ ఒక కార్డు ఇక్కడ చేసేస్తారు, తర్వాత ఏది అసలుదో దేవుడికే తెలియాలి. ముందు రోజు రాత్రి రోబోకాపీ మళ్లీ ఒకసారి కొడితే ఆ మూడు రోజుల్లో మారిన ఫైళ్లే వచ్చాయి.

మధ్యాహ్నం మూడింటికి ఒకాయన వచ్చాడు, ఎల్లుండి పెద్దకర్మ, సాయంత్రానికి వంద కార్డులు కావాలని. అదే అసలైన పరీక్ష. టైపింగు, ఫొటో, ప్రింటు, కవర్ల మీద పేర్లు, అయిదున్నరకి ఇచ్చేసింది. నేను పక్కన నిలబడి గోళ్లు కొరుక్కున్నా అంతే.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "తమ్ముడూ, నా పచ్చ కాయితాలేవి?"

ఏ పచ్చ కాయితాలక్కా అంటే, డెస్క్‌టాప్ మీద ఉండేవి కదా, పసుపు పచ్చవి. స్టిక్కీ నోట్స్! ఆ రోజు పక్కన కూర్చున్నప్పుడు అవి విండోల వెనక ఉండిపోయాయి, ఆ పూటకి వాటితో ఆవిడకి పని పడలేదు, నేను చూడలేదు. వాటిల్లో ఏముందంటే ఎవరెవరు కార్డులు పట్టుకెళ్లి డబ్బులివ్వలేదో ఆ చిట్టా. పుస్తకంలో రాస్తే వచ్చినవాళ్లకి కనపడుతుందని ఆవిడ అక్కడ రాసుకుంటుంది. బాబాయ్‌కి కూడా తెలీదు.

విండోస్ 7లో అవన్నీ స్టిక్కీనోట్స్ డాట్ ఎస్ఎన్‌టీ అనే ఒకే ఫైల్లో ఉంటాయి, యాప్‌డేటా రోమింగ్‌లో. నా దగ్గర ఆ ఫైలు ఉంది, కొత్త స్టిక్కీ నోట్స్ దాచుకునే పద్ధతి వేరు, పాత ఫైల్ని దానికి తినిపించే చిట్కాలు ఉన్నాయి గానీ బాకీల లెక్క మీద ప్రయోగాలెందుకని పాత మెషిన్ ఆన్ చేసి, ఒక్కో నోటు తెరిచి, ఆవిడ చదువుతుంటే నేను కొత్త దాంట్లో కొట్టా. ఇరవై మూడు నోట్లు. చదువుతూ చదువుతూ "ఈయన ఇచ్చేశాడు తీసెయ్", "ఈయన పోయాడు పాపం, తీసెయ్" అంటూ పోతే పద్నాలుగు మిగిలాయి. నా లిస్టులో ఇప్పుడు స్టిక్కీ నోట్స్ మొదటి లైను.

జబ్బు డిస్క్‌ని పాలిథిన్ కవర్లో చుట్టి తారీఖు రాసి బాబాయ్‌కి ఇచ్చా. క్లోన్‌ని ఉగాది దాకా ఫార్మాట్ చెయ్యొద్దన్నా. సర్వీసు చార్జీ మూడు వేలు అడిగితే "కాపీ పేస్ట్‌కి మూడు వేలా" అన్నారు, అక్క లోపల్నుంచి "ఇచ్చెయ్యండి బాబూ" అంది, ఇచ్చారు.

వెళ్లబోతుంటే బాబాయ్ ఆపి, "అబ్బాయ్, 2015 పుష్కరాలకి మనం వేసిన పాంప్లెట్ ఉందా చూడు, 2027లో మళ్లీ వస్తున్నాయి కదా, ఇప్పట్నుంచే అడుగుతున్నారు" అన్నారు. అక్క తారీఖు వరస పెట్టి 2015 జులైకి వెళ్లింది, రెండో ఫోల్డర్‌లోనే దొరికింది. ఫాంట్లు సరిగ్గా ఉన్నాయి, గోదావరి ఫొటో లింకు కూడా పలికింది. అడుగున అడ్రస్‌లో మాత్రం "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంది. అక్క దాన్ని సెలెక్ట్ చేసి కొత్త జిల్లా పేరు కొట్టడం మొదలెట్టింది, డాక్టర్ బీఆర్ అంబేద్కర్ కోనసీమ జిల్లా అనేసరికి లైను చాల్లేదు, ఒక ఎంటర్ కొట్టి రెండు లైన్లు చేసి, సేవ్ నొక్కి, సేవ్ అయ్యిందా లేదా అని నా వైపు చూసింది.